రెండున్నర సెకన్ల దూరం

పాస్టర్ పెటిఫోర్డ్ గారికి, ముందు వరసలో కూర్చున్న యూలాలియా అమ్మకి, న్యూ గిలియడ్ సంఘం పెద్దలకి, మార్లో బయూ ఊరివాళ్లకి, హ్యూస్టన్ నుంచి పనులు మానుకుని వచ్చిన బంధువులకి, అందరికీ వందనాలు.

మీరంతా వచ్చారు. తలుపు దగ్గర నిలబడి లెక్కపెట్టాను, నూట నలభై ఆరుగురు. బల్లలు చాలక గోడవారగా నిలబడ్డవాళ్లే ఇరవై మంది దాకా ఉన్నారు. అయినా వెనక నుంచి రెండో బల్లలో, కుడి చివర, ఒక మనిషి పట్టే చోటు ఖాళీగా ఉంది. అక్కడ కూర్చోవద్దని నేను ఎవరికీ చెప్పలేదు. పాస్టర్ గారు చెప్పలేదు. తెల్ల చేతితొడుగులు వేసుకుని అందరినీ కూర్చోబెట్టిన సిస్టర్ ఓజెల్లా కూడా చెప్పలేదు. మనంతట మనమే వదిలేశాం. ఎందుకు వదిలేశామో ఎవరం పైకి అనడం లేదు. ఇవాళ నేను అంటాను.

నా పేరు వెర్నీస్ హైటవర్. ఇల్లు చూసుకునేదాన్ని. ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ సంఘం పుస్తకం రాస్తున్నాను. పుట్టుక, బాప్తిస్మం, పెళ్లి, చావు, మనిషికొక వరస. వరస చివర 'వృత్తి' అని ఒక గడి ఉంటుంది. పదకొండు రోజుల కిందట మనల్ని విడిచిన కెప్టెన్ అంబ్రోస్ టిల్లరీ గారి వరసలో ఆ గడి ఇప్పటికీ ఖాళీ. ఆయన సమాధి రాతి మీద ఏ మాట చెక్కించాలో కూడా ఆ గడే తేల్చాలి. రాయి చెక్కేవాడు సోమవారం దాకా ఆగుతానన్నాడు. యూలాలియా అమ్మకి తొంభై ఒకటి. తమ్ముడి రాతి మీద ఒకే ఒక్క మాట ఉండాలని ఆమె అడిగింది. కాదన్నది నేను. నేను ఎందుకు కాదన్నానో, ఆ తర్వాత నాకేమైందో చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను.

దూరం నుంచి వచ్చినవాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. ఊరివాళ్లు ఓపిక పట్టండి.

మన గుడిలో పాస్టర్ గారు "దేవుడు మంచివాడు" అంటారు. మనమందరం "ఎల్లప్పుడూ" అంటాం. ఆ మాట మీద ఈ మాట, చప్పట్లో రెండు చేతుల్లాగా పడాలి. మన అమ్మమ్మల కాలం నుంచీ అంతే. అంబ్రోస్ గారు కూడా అనేవారు. కానీ మనతో కాదు. మనందరి గొంతులూ ఆగి, గది నిశ్శబ్దమై, పాస్టర్ గారు తర్వాతి మాటకి నోరు తెరవబోయే ముందు, వెనక నుంచి రెండో బల్లలోంచి ఒక్క గొంతు వచ్చేది. "ఎల్లప్పుడూ."

గుర్తుందా? మీలో ఎవరికి గుర్తులేదు? చిన్నప్పుడు ఆ గొంతు వినగానే నాకు మెడ మీద వెంట్రుకలు లేచేవి. గుళ్లో ఉన్న మనిషి గొంతులా ఉండేది కాదు. గోడ అవతల ఉన్న మనిషి గొంతులా ఉండేది.

గుళ్లోనే కాదు, ఎక్కడైనా అంతే. మనం ఏదైనా అడిగితే ఆయన వెంటనే పలికేవారు కాదు. మన కళ్లలోకే చూస్తూ, మన మాట ఇంకా దారిలో ఉన్నట్టు ఆగి, అప్పుడు చెప్పేవారు. ముందు చెప్పే మాట ఎప్పుడూ ఒకటే, "అందింది." ఫోన్ చేసినవాళ్లు లైను కట్టయిందనుకుని పెట్టేసేవారు. ఊళ్లో ఆడవాళ్లు ఆయనకి చెవుడు అనుకున్నారు. మా అమ్మ గోరువెచ్చని నూనె పట్టుకెళ్లి, "తల వంచు నాయనా, రెండు చుక్కలు వేస్తే పోతుంది" అంది. ఆయన కాదనలేదు. తల వంచారు. మంగలి షాపులో మగవాళ్లయితే, "అంబ్రోస్‌కి శనివారం జోకు చెప్తే ఆదివారం ప్రసంగం మధ్యలో నవ్వుతాడు" అని నవ్వుకునేవారు.

అరవై ఎనిమిదిలో ఆయన పెళ్లి ఈ పీఠం ముందే జరిగింది. "ఈమెను భార్యగా స్వీకరిస్తావా" అని పాత పాస్టర్ గారు అడిగారు. జవాబు లేదు. పెళ్లికూతురు క్లీటా పువ్వుల గుత్తితో ఆయన డొక్కలో పొడిచి, "ఏవయ్యా, మనసు మారిందా?" అంది. అప్పుడొచ్చింది ఆయన జవాబు. మొదటి ప్రశ్నకి "స్వీకరిస్తాను". కాస్త ఆగి, రెండో ప్రశ్నకి "మారలేదు". నలభై ఒక్క ఏళ్లు కాపురం చేసి కన్నుమూసిన ఆ క్లీటాయే అనేది, "మా ఇంట్లో పోట్లాట అన్నదే లేదమ్మా. నా తిట్టు ఆయన దాకా చేరేలోపు నా కోపం చల్లారిపోయేది" అని.

ఇప్పుడు మీరు నవ్వారు. మంచిదే. మనం ఆయన్ని చూసి చాలా నవ్వాం. నవ్విన లెక్క కూడా ఇవాళ చెప్పాలి.

ఆయన గురించి మనకి తెలిసింది ఇంతే. ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపాలని దేశం ఉరకలు వేస్తున్న రోజుల్లో, ఆ శిక్షణకి ఎంపికైనవాళ్లలో ఒకరు. ఎంపికైన నల్లవాడు ఆయన ఒక్కడే. అరవై ఆరులో వెళ్లారు. ఏడాది తిరక్కుండా వచ్చేశారు. పెద్దవీధిలో రేడియోలు బాగుచేసే షాపు పెట్టారు. ఎందుకు వచ్చేశారని ఎవరైనా అడిగితే, "అందింది" అని, చేతిలోని రేడియో వైపు తిరిగేవారు. అంతకు మించి ఒక్క మాట రాబట్టినవాళ్లు లేరు.

ఎనభై మూడు ఆగస్టులో, ఆయన వెళ్లాల్సిన దారిన, అంతరిక్షంలోకి, మన నల్లవాడొకడు మొదటిసారి వెళ్లాడు. నేను హైస్కూల్లో ఉన్నాను. మర్నాడు పొద్దున్న అంబ్రోస్ గారు షాపులో ఉన్న టీవీలన్నీ, బాగైనవీ కానివీ కూడా, అద్దం దగ్గర వరసగా పెట్టారు. వీధంతా నిండిపోయింది. అరుపులు, ఏడుపులు, కౌగిలింతలు. రాకెట్ వెళ్లడం మళ్లీ మళ్లీ చూపిస్తున్నారు. ఇవాళ సంఘం పెద్దగా ఉన్న డీకన్ రాస్కో అప్పుడు కుర్రతనంలో ఉన్నారు, నోటికి హద్దు లేదు. జనంలోంచి, "ఏం అంబ్రోస్, నీ సీట్లో ఇంకొకడు కూర్చున్నాడే!" అని అరిచారు. డీకన్ గారూ, తల దించుకోకండి. మీ తర్వాత నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

అంబ్రోస్ గారు ఆగారు. మనం నవ్వి ముగించాం. అప్పుడు అన్నారు, "సీటు ఖాళీగా లేదు. నాక్కావలసింది అదే."

టీవీలన్నిట్లో రాకెట్ వెళ్తూనే ఉంది.

ఇప్పుడు నా తప్పు చెప్తాను.

తొంభై ఎనిమిదిలో మన ఆరాధన రేడియోలో రావడం మొదలైంది. మూడు వారాలు గడిచాక స్టేషన్ వాళ్లు ఫోన్ చేశారు. మీ మైకులో ఏదో లోపం ఉంది, జనం గొంతు ఆగాక ఎవరిదో గొంతు మళ్లీ వస్తోంది, వినేవాళ్లు భయపడుతున్నారు అన్నారు. సంఘం కమిటీ ఆ విషయం నాకు అప్పజెప్పింది. నేను పద్ధతిగా చేసే మనిషిని కదా! మా నాన్న మన పాత బళ్లో పరుగు పందేల కోచ్. ఆయన స్టాప్‌వాచ్ నా దగ్గరుంది. నాలుగు ఆదివారాలు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మన "ఎల్లప్పుడూ"కీ ఆయన "ఎల్లప్పుడూ"కీ మధ్య ఎంత? మొదటి వారం రెండు పాయింట్ ఆరు సెకన్లు. రెండో వారం రెండు పాయింట్ ఆరు. మూడో వారం రెండున్నర. నాలుగో వారం మళ్లీ రెండు పాయింట్ ఆరు. మనిషి మతిమరుపుతోనో చెవుడుతోనో ఆలస్యం చేస్తే అలా ఒకే కొలతలో వస్తుందా? ఆ ప్రశ్న నాకు అప్పుడు తట్టాలి. తట్టలేదు. అంకెలు ఉత్తరంలో రాశాను. "అందరితో కలిసి పలకండి, లేదా దయచేసి పలకకండి" అని రాసి, సంతకం పెట్టి, ఆయన షాపు తలుపు కింద నుంచి తోశాను.

తర్వాతి ఆదివారం నుంచి ఆ గొంతు ఆగిపోయింది.

నేను గమనిస్తూనే ఉన్నాను. మనందరం పలికేవాళ్లం. రెండున్నర సెకన్ల తర్వాత ఆయన పెదవులు కదిలేవి. శబ్దం ఉండేది కాదు. దాదాపు అయిదేళ్లు అలాగే. స్టేషన్ వాళ్లు మెచ్చుకున్నారు. లోపం పోయిందన్నారు.

రెండు వేల మూడు, ఫిబ్రవరి ఒకటో తేదీ, శనివారం పొద్దున. మీకు చెప్పనక్కర్లేదు. అంతరిక్షం నుంచి తిరిగొస్తున్న ఓడ మన టెక్సాస్ ఆకాశంలోనే ముక్కలైంది. నాకోడోచెస్‌లో ఉన్న మా పిన్ని కూతురు ఫోన్ చేసి, "కిటికీలు వణికాయే వెర్నీస్, ఏదో మీద పడుతోందనుకున్నా" అంది. ఆ ఏడుగురిలో మనవాడు ఒకడున్నాడు. అంతకు పదిహేడేళ్ల ముందు పైకి వెళ్తూ పేలిన ఇంకో ఓడలోనూ ఏడుగురున్నారు, అందులోనూ మనవాడొకడున్నాడు. మనకి పైకి వెళ్లడానికి దారి దొరికింది. ఆ దారి మీద మనవాళ్ల రక్తం కూడా ఉంది.

మర్నాడు ఆదివారం. ఈ గది కిక్కిరిసింది. పాస్టర్ పెటిఫోర్డ్ గారు లేచారు. పీఠం అంచు పట్టుకుని, "దేవుడు మంచివాడు" అన్నారు.

ఎవరూ పలకలేదు.

ఈ గుడి పుట్టాక మొదటిసారి, ఆ మాటకి జవాబు లేదు. నేను పలకలేదు. యూలాలియా అమ్మ పలకలేదు. పలికే నోరు ఎవరికుంది? ఆ నిశ్శబ్దం అలాగే ఉండిపోతుందనుకున్నాను. ఉండిపోతే ఏమవుతామో అని భయం వేసింది.

అప్పుడు వెనక నుంచి రెండో బల్లలోంచి, "ఎల్లప్పుడూ."

ఒక్కడే. సరిగ్గా రెండున్నర సెకన్లకి. మనం వెనకబడ్డ రోజున ఆ గొంతు వేళకి వచ్చింది.

ఆ సాయంత్రం టీకేకులు చేసుకుని ఆయన ఇంటికి వెళ్లాను. ఉత్తరానికి క్షమించమని అడిగాను. ఆయన ఆగారు. "అందింది" అన్నారు. ఆ తర్వాత, ముప్పై ఆరేళ్లుగా ఎవరికీ చెప్పనిది నాకు చెప్పారు.

శిక్షణలో ఒక చిన్న గది ఉండేదట. అందులో కూర్చోబెట్టి, తలుపు మూసి, చెవులకి హెడ్‌ఫోన్లు, నోటి దగ్గర మైకు తగిలించి, చంద్రుడి దగ్గరున్న మనిషిలా మాట్లాడమనేవారట. మాట అక్కడి నుంచి ఇక్కడికి వచ్చి, జవాబు తిరిగి వెళ్లడానికి రెండున్నర సెకన్లకి పైగా పడుతుంది. మిగతావాళ్లు తొందరపడి ఎదుటి మాట మీద మాట వేసేవారట. ఈయన వేసేవారు కాదట. "మాట వెళ్లాలమ్మా. వెళ్లి రావాలి. తొందరపెడితే దారిలో కొట్టుకుంటాయి" అన్నారు నాతో. అందులో ఆయన్ని మించినవాళ్లు లేరట. ఆ పరీక్షకి ఒక నియమం ఉండేదట. మొదలుపెట్టేటప్పుడు "పరీక్ష మొదలైంది" అంటారు. "పరీక్ష ముగిసింది" అని చెవిలో వినపడేదాకా, గదిలో ఉన్నా, భోజనానికి లేచినా, ఇంటికెళ్లి పడుకున్నా, నువ్వు చంద్రుడి దగ్గరే ఉన్నట్టు లెక్క. ఒక శుక్రవారం పరీక్ష మధ్యలో ఉండగా ఇంటికి పంపారు. సోమవారం పొద్దున గేటు దగ్గర ఆయన కార్డు తీసేసుకున్నారు. కారణం లేదు, కాగితం లేదు.

"ముగిసిందని నాకెవరూ చెప్పలేదు, వెర్నీస్" అన్నారు. కోపంగా కాదు. డ్యూటీలో ఉన్న మనిషి వేళ చెప్పినట్టు చెప్పారు. "మనవాళ్లు ఎవరో ఒకరు అక్కడికి చేరేదాకా, అక్కడ ఒకడు ఉన్నట్టు ఉండాలి కదా."

నేను ఇంటికి నడిచి వచ్చాను. తల ఎత్తి చూడలేదు. పైన చంద్రుడు ఉన్నాడో లేడో కూడా నాకు తెలియదు. చూడటానికి ధైర్యం చాలలేదు.

సోదరీ సోదరులారా, ఇక ఈ నెల సంగతి.

ఏప్రిల్ మూడు, సోమవారం. చంద్రుణ్ణి చుట్టి రాబోయే నలుగురి పేర్లు టీవీలో చదివారు. నేనూ యూలాలియా అమ్మా అంబ్రోస్ గారి ముందుగదిలోనే ఉన్నాం. ఆ నలుగురిలో మనవాడు ఉన్నాడు. యూలాలియా అమ్మ ఒక్క కేక పెట్టింది. నేను ఏడ్చాను. ఆయన మాత్రం తెరనే చూస్తున్నారు. ఆగారు. అప్పుడు, "అందింది. నా బదులు మనిషి వచ్చాడు" అన్నారు. కుర్చీలో వెనక్కి వాలారు. ఆ మనిషి వీపు కుర్చీకి ఆనడం అంతకు ముందు నేనెప్పుడూ చూడలేదు.

ఆ రోజు నుంచి ఆలస్యం పెరిగింది.

రోజూ ఆయనకి భోజనం పట్టుకెళ్లేదాన్ని నేనే. స్టాప్‌వాచ్ ఏప్రన్ జేబులో ఉండేది. ఎందుకు తీసుకెళ్లానో అడక్కండి. బుధవారం బెండకాయ కూర పెట్టి ఉప్పు సరిపోయిందా అన్నాను. జవాబు రావడానికి నాలుగు సెకన్లు. శుభ శుక్రవారం, ఏడు. ఈస్టర్ ఆదివారం మీరందరూ విన్నారు. పాస్టర్ గారు ఆయన కోసం ఆగారు, పాట మొదలుపెట్టాల్సిన వాళ్లు ఆగారు, పందొమ్మిదో సెకనుకి "ఎల్లప్పుడూ" వచ్చింది. గొంతు బలహీనంగా లేదు. బాగా స్పష్టంగా ఉంది. దూరంగా ఉంది, అంతే. సోమవారం మంచినీళ్లు కావాలా అని అడిగి, వంటింట్లోకి వెళ్లి, గ్లాసు కడిగి, తుడిచి, నింపుకుని వచ్చాను. నేను గుమ్మం దాటుతుంటే "కావాలి" అన్నారు. వయసు మీద పడింది, మెదడుకి రక్తం సరిగా అందడం లేదని డాక్టర్ అన్నాడు. డాక్టర్ చదువుకున్నవాడు, నేను కాదనను.

మంగళవారం పొద్దున, అప్పుడే తెల్లవారింది. యూలాలియా అమ్మ మంచం పక్కన కూర్చుని, తమ్ముడి చెయ్యి పట్టుకుని, "ఏరా, వెళ్తున్నావా?" అని అడిగింది. ఆ చెయ్యి అలాగే ఉంది. నర్సు నాడి చూసింది. తల అడ్డంగా ఊపింది. దుప్పటి ముఖం మీదికి లాగబోయింది. యూలాలియా అమ్మ ఆమె మణికట్టు పట్టుకుని, "ఆగు పిల్లా. అడిగాను. జవాబు ఇంకా రాలేదు" అంది.

నర్సు ఆగింది. తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు వరండాలో టోపీలు చేత్తో పట్టుకుని ఆగారు. నేనూ ఆగాను. చాలాసేపు ఆగాం. జవాబు రాలేదు.

ఆ మధ్యాహ్నమే పుస్తకం తెరిచాను. పేరు, తేదీ రాశాను. వృత్తి దగ్గర కలం పెట్టేసరికి యూలాలియా అమ్మ, "వ్యోమగామి అని రాయి" అంది. రాయనన్నాను. ఈ పుస్తకం నాకు అప్పజెప్పినామె ఒకే ఒక్క నియమం చెప్పింది, చూసిందే రాయి అని. వ్యోమగామి అంటే ఆకాశంలోకి వెళ్లినవాడు. ఆ మాటలోనే వెళ్లడం ఉంది. వెళ్లనివాణ్ణి వెళ్లినవాడని ఎలా రాసేది? పాత పుస్తకంలో ఆయన పెళ్లి నాటి రాతలో 'రేడియో మెకానిక్' అని ఉంది, అదే రాస్తానన్నాను. ఆమె నా వంక చూసి, "నీ పుస్తకానికి రెక్కల్లేవే, వెర్నీస్. నా తమ్ముడికీ ఇవ్వలేదు. ఇద్దరూ నేల మీదే పడి ఉండండి" అంది. తొంభై ఒక్క ఏళ్ల మనిషి నా ఇంట్లోంచి కర్ర తాటించుకుంటూ వెళ్లిపోయింది. నేను పెట్టిన కాఫీ ముట్టుకోలేదు.

గడి ఖాళీగా వదిలేశాను.

అయిదు రోజులకి ఆదివారం వచ్చింది. పోయిన ఆదివారం, ఏప్రిల్ పదహారు. మనం అందరం ఇక్కడే ఉన్నాం. ఆ చివరి చోటు ఖాళీగా ఉంది. పాస్టర్ గారు "దేవుడు మంచివాడు" అన్నారు. మనం "ఎల్లప్పుడూ" అన్నాం. నా బొటనవేలు అలవాటు కొద్దీ వాచ్ నొక్కింది. నొక్కానని కూడా నాకు తెలియదు. పాస్టర్ గారు జబ్బుపడ్డవాళ్ల పేర్లు చదువుతూ, ఒక్కొక్కరికీ ప్రార్థన చేయడం మొదలుపెట్టారు. ఒక పేరు, రెండో పేరు, మూడో పేరు. నాలుగో పేరుకి ముందు ఊపిరి తీసుకోవడానికి ఆగారు.

వచ్చింది.

"ఎల్లప్పుడూ."

నేను ఊహించుకున్నానని అంటారా? అనండి. అయితే పదకొండు తలలు ఎందుకు వెనక్కి తిరిగాయి? నేను లెక్కపెట్టాను. సిస్టర్ ఓజెల్లా చేతిలోంచి విసనకర్ర ఎందుకు జారింది? పాస్టర్ గారూ, ఆ నాలుగో పేరు మీరు ఇంతవరకూ చదవలేదు. ఎందుకని? యూలాలియా అమ్మ ఒక్కతే వెనక్కి తిరగలేదు. చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి, కళ్లు మూసుకుని, తల ఊపింది. అడిగినదానికి జవాబు దొరికిన మనిషిలా ఊపింది.

బయటికొచ్చాక ఎవరం ఆ మాట ఎత్తలేదు. వాన వచ్చేలా ఉంది అనుకున్నాం. పిండివంటలు పంచుకున్నాం. ఇళ్లకి వెళ్లిపోయాం.

ఆ గొంతు వినగానే నా వేలు మళ్లీ నొక్కినట్టుంది, వాచ్ ఒక నిమిషం యాభై రెండు సెకన్ల దగ్గర ఆగి ఉంది. ఇదిగో, ఇప్పటికీ అలాగే ఉంది. మళ్లీ సున్నాకి తీసుకురాలేదు. బళ్లో సైన్సు చెప్పే ఆయన్ని అడిగితే ఒక నిమిషం యాభై రెండు సెకన్లంటే ఎంత దూరమో చెప్పేవాడు. అడగలేదు. నేను ఏ లెక్కా వదిలిపెట్టని మనిషిని. ఆ లెక్క మాత్రం వేయించలేదు.

కానీ వారం రోజులుగా ఒకటే ఆలోచిస్తున్నాను. ఆయన యాభై ఆరేళ్లు మన మధ్య బతికారని నా పుస్తకం అంటోంది. రేడియో షాపులో, మంగలి కుర్చీలో, ఆ బల్ల మీద. నా వాచ్ ఆ మాట అనడం లేదు. నా వాచ్ ప్రకారం ఆయన మన దగ్గర ఎన్నడూ లేరు. తొంభై ఎనిమిదిలో నాలుగు ఆదివారాలు నా చేత్తో నేనే కొలిచాను. ఎంత దూరంలో ఉన్నారో నా ఉత్తరంలో నేనే రాశాను. అంకెలతో రాసి, సంతకం పెట్టి, ఆ మనిషికే పంపాను. దగ్గరికి రండి, లేకపోతే మాట్లాడకండి అన్నాను.

రాకెట్ ఎక్కినవాళ్లు వారమో రెండు వారాలో ఉండి తిరిగొచ్చారు. కొందరు తిరిగి రాలేదు. వాళ్లందరికీ రాళ్లున్నాయి, రాళ్ల మీద ఆ మాట ఉంది, ఉండాలి. ఎక్కనివ్వని మనిషి ఒకడు మాత్రం చోటు ఖాళీ కాకూడదని అక్కడే ఉండిపోయాడు. ముగిసిందని చెప్పేవాళ్లు లేక, బదులు మనిషి వచ్చేదాకా, భార్యతో, అక్కతో, నాతో, మీతో, అంత దూరం నుంచే మాట్లాడాడు. మనం చెవుడనుకుని నూనె పోశాం.

యూలాలియా అమ్మా, నేను చూసిందే రాస్తానన్నాను. ఆయన వెళ్లడం నేను చూడలేదు. విన్నాను. ఇక నుంచి ఈ పుస్తకంలో విన్నది కూడా రాస్తాను. కలం తెచ్చాను. ఈ సభ ముగిసే వేళకి ఆ గడి నిండుతుంది. సోమవారం రాయి చెక్కే ఆయనకి నేనే చెప్తాను, అక్షరం అక్షరం పలికి చెప్తాను. మధ్యాహ్నం నా ఇంటికొచ్చి ఆ కాఫీ తాగు.

పొద్దున డీకన్ రాస్కో గారు ఒక మాటన్నారు. ఆయనకి ఎవరూ చెప్పనిది ఇవాళ మనమందరం కలిసి చెబుదాం, పరీక్ష ముగిసింది అని గట్టిగా అందాం అన్నారు. నాకు బాగానే తోచింది. యూలాలియా అమ్మని అడిగాను. ఆమె వెంటనే పలకలేదు. తమ్ముడి పోలిక. ఆగి, "ముగిసిందని మనం ఎవరం చెప్పడానికి? అందిందని చెప్పండి, చాలు" అంది.

అందుకని ఇప్పుడు మనమందరం లేచి నిలబడదాం. నిలబడలేనివాళ్లు పక్కవాళ్ల చెయ్యి పట్టుకోండి. సంతాప సభల్లో మౌనం ఎంతసేపో ముందే చెప్తారు. ఇవాళ నేను చెప్పను. ఇదిగో, వాచ్ ఇప్పుడు సున్నాకి తెస్తున్నాను, అది నా చేతిలో ఉంటుంది. నేను ఒక మాట అంటాను. ఎన్నేళ్ల అలవాటైనా సరే, దానికి మీరు పలకకండి. నోట్లోకి వచ్చినా ఆపుకోండి. వెనక్కి తిరగకండి. మాట వెళ్లాలి. వెళ్లి రావాలి. ఎంతసేపైనా ఆగుదాం. వచ్చాక, అప్పుడు, అందరం కలిసి ఒక్కసారి "అందింది" అందాం.

లేవండి.

దేవుడు మంచివాడు.